యాడ వింటారప్పా ఈ పాట?

చనిపోయిన మనిషి మీద కూడా అసూయ పడొచ్చని మొన్న మంగళవారం బళ్ళారి చౌరస్తా దగ్గర నాకు తెలిసొచ్చింది. కొత్త బస్టాండుకు పోదామని ఆటో ఎక్కాను. డ్రైవరు చెక్కభజన పాట పెట్టుకున్నాడు. ఆటోలో ఉన్నది ఒకటే స్పీకరు, అదీ నా సీటు వెనకాల, జాలీ చిరిగిపోయి ఉంది. అయినా అన్న పాడేది, తమ్ముడు అందుకునేది, చెక్కల చప్పుడు, కాళ్ళ గజ్జెలు ఏదీ దేనికీ అడ్డం రాకుండా వినిపిస్తోంది. నేను తల వెనక్కి పెట్టి వినడం డ్రైవరు అద్దంలో చూశాడు. నడివయసు మనిషి, మాటకారి.

"ఆపా చేసిన పాట సార్ ఇది. పాడినోళ్ళు మా కోడుమూరోళ్ళే. ఆయమ్మ చేస్తే మాట మాటా ఇనపడ్తాది" అన్నాడు.

ఆపా పోయి మూడు నెలలైంది. ఈ లోకంలో లేని మనిషిని ఎవరో మెచ్చుకుంటే నాకేం పోయింది? కానీ నాకు భగ్గున మండింది. ఆయన మాటకు నేనేం జవాబు చెప్పానో చివర్లో చెప్తాను. ముందు ఆపా ఎవరో తెలియాలి.

కర్నూలు పాతబస్తీలో నాదొక చిన్న రికార్డింగ్ స్టూడియో. ఒక గది, ఒక కంప్యూటరు, రెండు పెద్ద స్పీకర్లు, గోడలకు పాత పరుపులు. కింద డీటీపీ షాపు ఉంది. పెళ్ళిపత్రికలు, ఫ్లెక్సీలు, కరపత్రాలు చేస్తారు. ఆపా అక్కడ టైపు చేసేది. బద్వేలు ఆడపడుచు, కర్నూలు కోడలు. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. అందరూ ఆపా, అంటే అక్కా, అని పిలిచేవాళ్ళు, నేనూ అంతే. పాడేవాళ్ళకు చూసి పాడుకోవడానికి పెద్ద పెద్ద అక్షరాల్లో పాట టైపు చేసి, ఆ కాగితాలు పట్టుకుని మెట్లెక్కి పైకి వచ్చేది. వచ్చి ఊరికే నిలబడి చూసేది. ఎండాకాలం కదా, ఏసీ చల్లదనానికి నిలబడుతోందని అనుకున్నాను.

నేను మద్రాసు పోయి ఏడాది కోర్సు చేసి వచ్చినవాణ్ణి. సర్టిఫికెట్టుకు చట్రం కట్టించి మెట్లెక్కగానే కనబడేలా తగిలించాను. కంప్యూటరు తెర మీద మిక్సర్ అని ఒకటుంటుంది. పాడిన ప్రతి గొంతుకూ, మోగిన ప్రతి వాయిద్యానికీ ఒక నిలువు పట్టీ. శబ్దాన్ని పెంచి తగ్గించడానికి ఫేడర్, కుడివైపుకో ఎడమవైపుకో పంపడానికి పాన్ గుండీ, నోరు మూయించడానికి మ్యూట్, మిగతా అందరినీ ఆపి ఒక్కడినే వినడానికి సోలో. ఇవన్నీ నాకు పుస్తకం ప్రకారం వచ్చు. కర్నూల్లో నా అంత వచ్చినవాడు లేడని కూడా అనుకునేవాణ్ణి.

కోడుమూరు అన్నదమ్ములు వచ్చేదాకా అలాగే అనుకున్నాను. చెక్కభజన జట్టు వాళ్ళది. అన్న ఒక చరణం పాడితే తమ్ముడు దాన్ని అందుకుంటాడు. పుస్తకంలో చెప్పినట్టు అన్నను పూర్తిగా ఎడమకు, తమ్ముణ్ణి పూర్తిగా కుడికి పంపాను. నా గదిలో ఆ రెండు స్పీకర్ల మధ్య కూర్చుని వింటే ఇద్దరూ చెరో పక్క నిలబడి పోటీ పడుతున్నట్టే ఉంది. నా వీపు నేనే తట్టుకున్నాను. మర్నాడు పదిగంటలకల్లా ఇద్దరూ తిరిగి వచ్చారు. తమ్ముడు మెట్ల మీదే ఆగిపోయాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"నన్ను యాడికి తీసేసినారు సార్? మా అన్న పాడతాడు, నేను నోరు మూసుకోనుంటా. మళ్ళా మా అన్న పాడతాడు. ఊరంతా నగుతాండారు" అన్నాడు.

అన్న తల దించుకుని నిలబడ్డాడు. తానే చెప్పి తమ్ముణ్ణి తీయించాడని ఇంట్లో గొడవైందట, తమ్ముడి పెళ్ళాం రాత్రి అన్నం పెట్టలేదట. నేను తెర చూపించి, ఇదిగో మీ పట్టీ, ఇదిగో మీ గొంతు అని వాదించాను. తెర మీద గొంతు చూపిస్తే ఏ తమ్ముడు ఒప్పుకుంటాడు? అప్పుడు కాగితాలు పట్టుకుని పైకొచ్చిన ఆపా వాళ్ళను ఒకే మాట అడిగింది, యాడ విన్నారప్పా ఈ పాట అని. ఆటోలో అన్నారు. కిందికి దిగిపోయి వాళ్ళ ఆటోలో కూర్చుని పాట పెట్టించుకుంది. అయిదు నిమిషాలకు పైకొచ్చింది.

"ఆయప్ప ఉండాడు తమ్ముడా, యాడికీ పోలేదు. ఆ పక్క ఉండాడు. వీళ్ళ ఆటోకు ఆ పక్కనే లేదు" అంది నాతో.

వాళ్ళ ఆటోలో ఉన్నది ఒక్క ఎడమ స్పీకరే. అన్న ఉన్నాడు, తమ్ముడి చోట చెక్కలు తప్ప ఇంకేమీ లేవు. మన దిక్కు ఆటోల్లో, ట్రాక్టర్లలో, జాతర మైకుల్లో రెండు పక్కలు ఎక్కడున్నాయి? ఒక వైరు తగిలిస్తే అదే పదివేలు. ఏడాది మద్రాసులో ఉన్న నాకు తట్టనిది, పెళ్ళిపత్రికలు టైపు చేసే మనిషికి తట్టింది. అక్కడితో పోయినా బాగుండేది. నేను కూర్చోనా తమ్ముడా అని అడిగి నా కుర్చీలో కూర్చుంది.

మొదట పాన్ గుండీలన్నీ నడిమధ్యకు తెచ్చి, అన్ని ఫేడర్లనూ అట్టడుక్కి దించేసింది. నేను మూడు రోజులు కష్టపడి పెట్టినవన్నీ పోయాయి. తర్వాత ఒక్కొక్కటే ఎత్తింది. ఆమె కొలతలు అంకెల్లో ఉండవు. గజ్జెలు మోకాలి దాకా, చెక్కలు నడుము దాకా, మనుషులు గొంతు దాకా అనుకుంటూ ఎత్తేది. పట్టీ అంటే ఆమెకు నిలబడిన ఒక మనిషి. పట్టీలకు పేర్లు కూడా నాలాగా ఒకటి, రెండు అని పెట్టేది కాదు. పాడినవాళ్ళు గదిలో ఎక్కడ నిలబడ్డారో అది రాసేది: కిటికీ కాడ అన్న, తలుపు కాడ తమ్ముడు. తర్వాత తల మీది దుపట్టా కొసను తెర మీద కప్పి, కుర్చీని పక్కకు తిప్పుకుని, చేతిలో సోంపు డబ్బీ పెట్టుకుని మొత్తం పాట వినేది. తెర ఎందుకు కప్పుతావు ఆపా అంటే, ఎగిరే గీతలు చూస్తాంటే ఇనాలనిపీదు అంది.

ఆ రోజు నుంచి మధ్యాహ్నాలు ఆపా పైన ఉండడం అలవాటైంది. ఏ జట్టు వచ్చినా ఆమె మొదటి ప్రశ్న అదే, యాడ వింటారప్పా ఈ పాట అని. హెడ్‌ఫోన్లు పెట్టుకునేది కాదు. సోలో గుండీ నొక్కడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. నేనేమో ఒక్కొక్క గొంతునూ సోలోలో విని, కడిగి, తుడిచి, ముత్యంలా చేసి పెట్టేవాణ్ణి. అన్నీ కలిపితే రోలు రోకలి చప్పుడు. వానొక్కన్నే ఎందుకు వింటావు తమ్ముడా, వాడొక్కడే పాడలేదు గదా అనేది.

మ్యూట్ గుండీతో మాత్రం ఆమెకు ఒక ఆట ఉండేది. పాట నడుస్తుండగా ఏదో ఒక పట్టీ మ్యూట్ చేసి పాడినవాళ్ళను అడిగేది, ఇప్పుడేం పోయింది అని. చెప్పగలిగితే దాన్ని తిరిగి పెట్టేది. చెప్పలేకపోతే అది అలాగే మూగగా ఉండిపోయేది. ఒకసారి నేను కీబోర్డు మీద వయొలిన్ల శబ్దం వాయించి ఒక పాట వెనకాల పరిచాను. రెండు రోజులు కూర్చుని వాయించాను. ఆపా మ్యూట్ నొక్కి, ఇప్పుడేం పోయింది అని అడిగింది. గదిలో ఎనిమిదిమంది ఉన్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏమీ పోలేదే అన్నాడు డోలు వాయించే ఆయన. నాది పోయింది అని నేను నోరు తెరిచి ఎలా చెప్పను? నా వయొలిన్లు ఆ పాటలో ఈనాటికీ మూగగానే ఉన్నాయి. వాయించింది నేనని ఆపాకు తెలియదా అంటే, బాగా తెలుసు.

నాకు కావలసింది ఎంతో కాదు. నేను చేసినదాన్ని ఆపా ఒక్కసారి బాగుంది అనాలి. అంతే. చిన్నపిల్లవాడిలా దానికోసం కాచుక్కూర్చున్నాను. నేను చేసిన పాట పెడితే రెండు సోంపు గింజలు నోట్లో వేసుకుని చివరిదాకా వినేది. విని, "ఊఁ, ఉండాది" అనేది. మంచిదీ కాదు, చెడ్డదీ కాదు, ఉంది. తాను చేసినదానికీ అదే మాట అనేదని తెలుసు గానీ, ఆమెకు వేరే మెప్పు అక్కర్లేదు. జట్లు వచ్చి మెట్ల మీద కూర్చునేవి. నేను పైన ఖాళీగా ఉన్నా, ఆపా టైపు పని అయిపోయేదాకా ఆగుతాంలే సార్ అనేవాళ్ళు. పాట బయటికి వెళ్ళినప్పుడు మిక్సింగ్ అని నా పేరే వేసేవాణ్ణి. ఆ అక్షరాలు టైపు చేసేది కూడా ఆపాయే. అడక్కుండానే పెద్ద సైజులో వేసిచ్చేది. ఆ పేరు చూసి ఎవరూ నన్ను మెచ్చుకోలేదు. ఒకరోజు ఇంట్లో మా ఆవిడ గిన్నెలు తోముతూ ఒక పాట వింది. ఇది ఆపా చేసిందా, మాటలు తెలుస్తాండాయే అంది. ఆ పూట నేను అన్నం సగంలో లేచాను.

ఒకసారి అడిగాను, కుర్చీ ఎందుకట్లా పక్కకు తిప్పుకుంటావు ఆపా అని. ఆమె సోంపు డబ్బీ మూసి చెప్పింది. చిన్నప్పుడు బద్వేల్లో తట్టు పోసిందట, జ్వరం తగ్గేసరికి ఎడమచెవి పోయిందట. ఉన్నది కుడిచెవి ఒక్కటే, అందుకే దాన్ని స్పీకర్ల వైపు తిప్పి కూర్చుంటుంది. ఇంట్లోవాళ్ళకు తప్ప ఊర్లో ఎవరికీ తెలియదంది. తెలిస్తే చెవిటిదానికి పాటలు ఇస్తారా అని నవ్వింది. ఆమెకు కుడిపక్క, ఎడమపక్క అని పాటలో ఏమీ లేవు. అంతా ఒక్క చెవిలోకే వస్తుంది. ఆ ఆటో సంగతి ఆమెకు అంత సులువుగా ఎందుకు తట్టిందో నాకప్పుడు అర్థమైంది. పుట్టినప్పటినుంచీ కాకపోయినా, ఆమెదీ ఒక్క స్పీకరే.

జాలి పడాల్సిన మాట అది. నాకు సంతోషం కలిగింది. సిగ్గు విడిచి చెప్తున్నాను, నాకు రెండు చెవులున్నాయి కదా అనుకున్నాను. ఆ సంతోషం రెండు రోజులు కూడా నిలవలేదు. ఒక్క చెవితో ఇంత చేస్తోందే, రెండూ ఉంటే నా గతేమిటి అనిపించి మునుపటికంటే ఎక్కువ మండింది.

మహానంది దగ్గరి పల్లె నుంచి కలుపు పాటలు పాడే ఆడవాళ్ళు వచ్చింది ఆ తర్వాతే. ఏడుగురు. ముందు పాడేది ఒక అవ్వ, డెబ్భై దాటి ఉంటాయి, మిగతావాళ్ళు వంత. అవ్వ జన్మలో మైకు ముందు నిలబడింది అదే మొదలు. కిటికీ దగ్గర నిలబడి, కమ్మీ పట్టుకుని, కళ్ళు మూసుకుని పాడింది. యాడ వింటారవ్వా అని ఆపా అడిగితే, ఊరి జాతరలో హారన్ మైకులో వేస్తారంట తల్లీ, ఊరంతా ఇంటాదంట అని అవ్వ చీర కొంగుతో మూతి తుడుచుకుంది. ఆపా సాయంత్రం దాకా కూర్చుని అవ్వ గొంతును తలకంటే పైకి ఎత్తింది. ఎవరికీ అంత ఎత్తు ఇవ్వడం నేను చూడలేదు. అంతా సరిపోయింది. చివరిసారి వినబోయే ముందు నమాజు వేళైందని కిందికి వెళ్ళింది.

గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను. దుపట్టా కప్పని తెర ఎదురుగా ఉంది. 'కిటికీ కాడ అవ్వ' అనే పట్టీ మీద పాన్ గుండీ నడిమధ్యన ఉంది. దాన్ని ఎడమకు తిప్పాను. చివరికంటా తిప్పాను. జాతరలో ఏ పక్క వైరు తగిలిస్తారో నాకు తెలియదు. ఎడమకే ఎందుకంటే, ఆపాకు పోయిన చెవి ఎడమది. అంతకంటే వేరే కారణం లేదు.

ఆపా తిరిగొచ్చింది. తెర కప్పింది, కుర్చీ తిప్పింది, సోంపు వేసుకుంది. పాట మొదలైంది. అవ్వ గొంతు ఎడమ స్పీకరులోంచి మాత్రమే వస్తోంది. రెండు చెవులున్న ఎవరికైనా మొదటి మాటకే తెలిసిపోతుంది. నేను ఆమె మొహమే చూస్తూ కూర్చున్నాను. ఆమెకు శబ్దం అంతే ఉంది, ఎత్తు అంతే ఉంది. పాట అయిపోయాక, ఊఁ, ఉండాది అంది. నేను పెన్‌డ్రైవులోకి ఎక్కించి ఇచ్చాను.

జాతర అయిన నాలుగో రోజు అవ్వ బస్సెక్కి వచ్చింది, తోడుగా వంత పాడే ఒకామె. హారన్‌కు కుడి వైరు ఒక్కటే తగిలించారట. వంత వినబడింది, అవ్వ గొంతు వినబడలేదు. అవ్వ కోపంగా రాలేదు, అదే నాకు కష్టమైంది. స్టూలు మీద కూర్చుని మంచినీళ్ళు తాగింది.

"నా గొంతు బాగలేదని తీసేసినారా తల్లీ? ముందే చెప్పింటే నేను పాడకనే పోదును గదా" అంది.

ఆపా పాట తెరిచింది. మొదటిసారి తెర కప్పకుండా చూసింది. పట్టీ మీద పట్టీ చూసుకుంటూ పోయి అవ్వ దగ్గర ఆగింది. గుండీ ఎటు తిరిగి ఉందో చూసింది. నా వైపు తిరగలేదు. అవ్వ చేయి పట్టుకుని, తప్పు నాదే అవ్వా, నేనే సరిగ్గా చూసుకోలేదు అంది. గుండీని మధ్యకు తెచ్చి, అవ్వను తన కుర్చీలో కూర్చోబెట్టి మొత్తం పాట వినిపించింది. అవ్వ తన గొంతుతో పాటు తానూ సన్నగా పాడుకుంది. వాళ్ళిద్దరినీ బస్సెక్కించడానికి ఆపాయే కిందికి వెళ్ళింది. సోంపు డబ్బీ మరిచిపోయి, దానికోసం మళ్ళీ పైకి వచ్చింది.

"పని నేర్చినావులే తమ్ముడా. ఇన్ని గుండీలుండగా సరిగ్గా ఆ ఒక్కటే తిప్పినావు. బాగా తిప్పినావు" అంది.

ఆమె నోటి వెంట బాగా అనే మాట నా పని గురించి వచ్చింది ఆ ఒక్కసారే. ఇన్నాళ్ళూ దానికోసమే కాచుకున్నాను. గడప దాటుతూ ఆగింది.

"నా చెవి సంగతి ఈ ఊర్లో నీకొక్కనికే చెప్పినా" అంది.

ఆ తర్వాత ఆపా మిక్సరు ముందు కూర్చోలేదు. నాతో మాట్లాడ్డం మానలేదు. కాగితాలు పై మెట్టు మీద పెట్టి, తమ్ముడా పాటలు పెట్టినా అని కేకేసి దిగిపోయేది. నేను క్షమించమని అడగలేదు. ఎన్నిసార్లో మెట్ల దాకా వచ్చాను. కింద ఆమె టైపు చేస్తూ కనబడేది, ఎడమపక్క నాకు కనబడేలా కూర్చునేది. ఆ పక్క నుంచి పిలిస్తే వినబడదని తెలిసీ అటునుంచే రెండుసార్లు ఆపా అని పిలిచాను. వినబడలేదు కదా అని తిరిగి వచ్చేశాను. గట్టిగా పిలవొచ్చు, ఎదురుగా పోవచ్చు. పోలేదు. తర్వాత ఆమెకు ఒంట్లో బాగలేకపోతే చెల్లెలు వచ్చి బద్వేలు తీసుకుపోయింది. చనిపోయిందని డీటీపీ షాపాయన చెప్పాడు. నేను పోలేదు. పోయి ఏ పక్కన నిలబడను?

కోడుమూరు అన్నదమ్ములు పోయిన ఏడాది ఇంకో పాటకు వచ్చారు. ఆపా చేయదని తెలిసి మొహాలు చిన్నబుచ్చుకున్నారు. ఇంకెక్కడికీ పోలేక నా దగ్గరే పాడారు. వాళ్ళు పోయాక అన్ని ఫేడర్లనూ అడుక్కి దించాను. గజ్జెలు మోకాలి దాకా ఎత్తాను, చెక్కలు నడుము దాకా. సోలో జోలికి పోలేదు. ఎడమచెవిలో దూది పెట్టుకుని, తెర మీద తువ్వాలు కప్పి, కుర్చీ తిప్పుకుని విన్నాను. పన్నెండు రోజులు పట్టింది. ఆమెకైతే ఒక మధ్యాహ్నం సరిపోయేది. అయిపోయాక ఆ పాటను కిందికి తీసుకుపోయి ఆపాకు వినిపించాలనుకున్నాను. ఊఁ, ఉండాది అంటే చాలు అనుకున్నాను. ఆ వారంలోనే ఆమె బద్వేలు వెళ్ళిపోయింది.

మొన్న మంగళవారం ఆ ఆటోలో మోగింది ఆ పాటే.

ఆపా చేసిందని డ్రైవరు అన్నప్పుడు, కాదప్పా, అది నేను చేసింది అనే మాట నాలుక కొస దాకా వచ్చింది. ఆమె చేసినవాటి మీద నా పేరు వేసుకుని తిరిగినప్పుడు ఎవరూ నమ్మలేదు. నేను చేసింది ఒకటి బయటికి వస్తే దానికి ఆమె పేరు పెట్టుకున్నారు. మండదా మరి? నిజం చెప్తున్నా, ఇప్పటికీ మండుతోంది.

కొత్త బస్టాండు గేటు దగ్గర ఆటో ఆగింది. పాట ఇంకా అయిపోలేదు, తమ్ముడు చరణం అందుకుంటున్నాడు. మీరేం చేస్తారు సార్ అని డ్రైవరు అడిగాడు. ఆపా దగ్గర పని నేర్చుకున్నా అన్నాను. అంతవరకూ ఆ మాట నేను ఎవరితోనూ అనలేదు. ఆయన వెనక్కి తిరిగి నన్ను కొత్తగా చూశాడు.

"అట్లయితే మీరు గూడా ఈ మాదిరి చేస్తారా సార్?" అన్నాడు.

"లేదప్పా. ఇంత బాగా నాకు రాదు" అన్నాను.